కచేరీ గోడ చీలిక

కమలాపురం దాటినాక వచ్చే ఆ పాత రాతి కచేరీ భవనం మాటెత్తితే చాలు, జనం గొంతు తగ్గిస్తారు. పొద్దుగూకితే గోడ మూలుగుతుందంటారు... ఎవరో లోపలుండి నెడుతున్నట్టు చీలిక ఏటికేడూ పెరుగుతోందంటారు.

అందులో మగ్గాలు వేసుకున్న నేతగాళ్ళు ఒక్కొక్కరే ఖాళీ చేసి పోయారు. చౌడమ్మ ఒక్కతే మిగిలింది. ఆమెది గుంత మగ్గం. పెరికి ఇంకోచోట వేసుకోవడానికి జానెడు జాగా లేదు.

గోడ నిలుస్తుందో కూలుతుందో తేల్చడానికి కడప నుంచి ఇంజనీరు అరుణజ్యోతి వచ్చింది. వెనక గదిలో చీలికకు అడ్డంగా సన్నటి గాజుపలక అతికించింది. గోడ కదిలితే గాజు పగులుతుంది. పగటి ఎండకు ఉబ్బిన రాయి రాత్రికి ముడుచుకుంటుంది. అందుకని రెండు పూటలా కొలవాలి. ఆ రాత్రి అక్కడే ఉండిపోయింది. తోడుగా చౌడమ్మ ముందుగదిలో మగ్గం దగ్గర కూర్చుంది.

పది దాటింది.

గోడ... మూలిగింది.

"ఇన్నావా తల్లీ?" ముందుగదిలోంచి గుసగుస.

"రాయి చల్లబడుతోంది పెద్దమ్మా. అంతే."

అంది గానీ, టార్చి వెలుగు గోడంతా తిప్పి చూసింది. చీలిక కొలిచింది. పగటికంటే వెంట్రుకవాసి ఎక్కువ. అది మామూలే. అరగంట ఆగి మళ్ళీ కొలవబోయింది—

టిక్.

గాజు రెండు ముక్కలైంది.

గోడకు చెవి ఆనించింది. లోపల... గులకరాళ్ళు జారుతున్న చప్పుడు. సన్నగా, ఆగకుండా. భయం మరిచిపోయి ఇంకాస్త దగ్గరికి వంగింది.

"తల్లీ! బిన్నా బయటికి రా!"

చౌడమ్మ కేక. పెరటి వైపు నుంచి!

అన్నీ అక్కడే పారేసి అరుణజ్యోతి వెనక తలుపులోంచి పెరట్లోకి దూకింది. అప్పుడే ముందు వాకిలి వైపు నుంచి చౌడమ్మ రొప్పుతూ ఉరికొచ్చింది. మరుక్షణం నేల అదిరింది. గోడా కప్పూ కలిసి, గదుల మీదా మగ్గం మీదా కూలిపోయాయి. దుమ్ములో చంద్రుడు కూడా కనబడలేదు.

దుమ్ము అణిగాక అరుణజ్యోతి చౌడమ్మ చెయ్యి పట్టుకుంది.

"పిలిచి నన్ను బతికించావు పెద్దమ్మా..."

చౌడమ్మ వింతగా చూసింది.

"నేను యాడ పిలిచినా? నువ్వే గదా తల్లీ... 'పెద్దమ్మా, బయటికి రా' అని వాకిట్లోంచి అరిస్తివి. మగ్గం ఇడిచిపెట్టి వస్తి!"