ఇందుజకు కలిపిన తరుగు

2068లో రాష్ట్ర హైస్కూలు ఈత పోటీలకు ఎంపికైనట్టు పిల్లలకు ఎవరూ ఉత్తరం రాయరు. జిల్లా పోటీలో ఆఖరిసారి గోడ తాకి, నీళ్లలోంచి తల ఎత్తేసరికే లేన్ పక్కనున్న పలక వెలుగుతుంది. పచ్చగా వెలిగితే రాష్ట్రానికి. ఎర్రగా వెలిగితే ఇంటికి.

ఆ రంగును నిర్ణయించేది జలదర్శిని. అర్హత కాలంకన్నా తక్కువలో ఈదితే చాలన్న రోజులు పోయాయి. జిల్లాలో మెరిసిన పిల్లలు రాష్ట్రంలో వెనకబడుతున్నారని డాక్టర్ కపర్ది ఈ ప్రిడిక్షన్ యంత్రాన్ని తయారుచేశాడు. ఈ రోజు ఎంతలో ఈదారన్నది దానికి సగం లెక్కే. పెద్ద పోటీలో ఎంతలో ఈదుతారన్నది మిగతా సగం. ముప్పై ఏళ్ల రికార్డులు చదివి, ఏ బడి పిల్లలు పెద్ద పోటీల్లో ఎంత నెమ్మదిస్తారో తేల్చి, ఆ తేడాను ముందే కలిపేస్తుంది. దానికి కపర్ది పెట్టిన పేరు తరుగు.

ఇందుజ తన తల్లి పనిచేసే బడిలో చదవలేదు. మంచి కోచ్ ఉన్నాడని ఎదుటి బడిలో చేరింది. రెండు వందల మీటర్లకు అర్హత కాలం రెండు నిమిషాల పదకొండు పాయింట్ ఆరు సున్నా సెకన్లు. ఇందుజ రెండు నిమిషాల పదకొండు పాయింట్ నాలుగు సున్నాలో ఈదింది. జలదర్శిని దానికి సెకనులో ముప్పై ఒక్క వందోవంతుల తరుగు కలిపింది. పలక ఎర్రగా వెలిగింది.

ఆ తరుగును ఓడించాలని నాలుగు నెలలు రోజూ బడి వేళకు ముందే కొలనులో దిగింది. ఒక రోజు నీళ్లలోనే గుండె ఆగింది.

తల్లి సువర్చల లెక్కల టీచరు. పదకొండో రోజు దాటగానే బడికి వెళ్లింది. అర్జీలు రాయడం మొదలుపెట్టింది. నష్టపరిహారం అడగలేదు. జలదర్శిని లెక్కను నలుగురిలో విప్పాలి. కపర్ది తల దించుకోవాలి. యంత్రం ఆగిపోవాలి. రెండేళ్లకు విచారణ వచ్చింది.

విజయనగరంలో, హాలు బయట వరండాలో కపర్ది ఆమెకు ఎదురుపడ్డాడు.

"అమ్మా, ఒక్క మాట. లెక్క విప్పమని అడక్కండి. యంత్రాన్ని మూసేయమనండి చాలు. ఇప్పుడే సంతకం పెడతాను."

"భయమా సార్?"

"భయమే."

"నా పిల్లకూ భయం వేసే ఉంటుంది," అని ఆమె లోపలికి వెళ్లింది.

విచారణ జరిపే ఈత పోటీల సంఘంలో ఆమెతో కలిపి పన్నెండుమంది టీచర్లు. అందరూ ఒకప్పుడు పోటీల్లో కొలను గట్టు మీద పనిచేసినవాళ్లే. అధ్యక్షుడు దాలినాయుడు మాస్టారు నవ్వుతూ కుర్చీ చూపించాడు.

"రండి టీచరుగారూ. ఇవాళ ఆ డబ్బా పీక నొక్కేద్దాం. బేగి తేల్చేస్తే బిరియానీ చల్లారిపోదు."

సువర్చల నవ్వలేదు. విచారణ కోసం బల్ల మీద పెట్టిన యంత్రం వైపు తిరిగింది.

"ఇందుజకు కలిపిన తరుగు ఎక్కడిది?"

"ప్రాంతీయ పోటీల రికార్డుల నుంచి," అంది జలదర్శిని. "ఇందుజ బడి పిల్లలు అక్కడ సగటున ముప్పై ఒక్క వందోవంతులు నెమ్మదించినట్టు ఉంది."

"ఎందుకు నెమ్మదించారు?"

"నెమ్మదించలేదు. నిరుడు నాకు పాత వీడియోలు చూపించారు. పిల్లలు సమయానికే గోడ తాకారు. స్టాప్‌వాచీలు ఆలస్యంగా ఆగాయి."

హాల్లో ఎవరో దగ్గారు.

పలకలు రాకముందు, ప్రాంతీయ పోటీల్లో ఒక బడి పిల్లల లేన్‌కు ఎదుటి బడి టీచర్లు ముగ్గురు వాచీలు పట్టేవారు. మూడింటిలో నడిమి కాలమే లెక్క. వేలికొన తగలగానే నొక్కాలి. ఎదుటి బడి పిల్ల కాబట్టి అరచెయ్యి ఆనేదాకా ఆగేవారు. దాన్ని మోసమని ఎవరూ అనుకోలేదు. బడి మీద అభిమానం అనుకున్నారు.

సువర్చల గొంతు మారలేదు. "ఎవరి వాచీలు?"

"అందరికన్నా ఎక్కువసార్లు ఆలస్యమైనది లెక్కల టీచరు సువర్చలది. పద్దెనిమిదేళ్లు. సగటున ముప్పై నాలుగు వందోవంతులు."

ఆమె తన వెనకే లోపలికొచ్చిన కపర్దిని చూసింది.

"మీకు తెలుసు."

"నిరుడు తెలిసిందమ్మా. ఆ రోజే తరుగు తీసేశాను. మీకు చెప్పడానికి నోరు రాలేదు."

"మిగతా పేర్లు కూడా చదవమంటారా?" అని అడిగింది జలదర్శిని.

"అయ్యెందుకిప్పుడు!" దాలినాయుడు మాస్టారు లేచి నిలబడ్డాడు. "ఆమె కడుపుకోత చాలదా? ఓటు పెట్టేద్దాం. దీన్ని ఇక్కడే మూసేయాలన్నోళ్లు చేతులెత్తండి."

పదకొండు చేతులు ఒక్కసారే లేచాయి. ఆ చేతుల కోసం ఆమె రెండేళ్లు ఇల్లిల్లూ తిరిగింది. చూద్దాంలే టీచరుగారూ అన్నవాళ్లే అందరూ.

మాస్టారు స్విచ్ వైపు నడిచాడు. సువర్చల ఆయనకన్నా ముందు వెళ్లి, స్విచ్‌బోర్డుకు వీపు ఆనించి నిలబడింది.

"తప్పుకోండమ్మా. మీరడిగిందే గదా చేస్తన్నాం!"

"నా పిల్లను ముంచినవాళ్లను చూడాలని వచ్చాను మాస్టారూ. చూడకుండా వెళ్లను."

లేచిన చేతులు ఇంకా దిగలేదు.

"చదువు," అంది జలదర్శినితో. "మొదట నా పేరే మళ్లీ చదువు. తరవాత వీళ్లవి. ఒక్కటీ వదలకు."