రెండో గొంతు

మా ఫోరంలో ఒక నియమం ఉండేది. మన పాట పెట్టాలంటే ముందు వేరేవాళ్ల పాటలు రెండు విని, ఎలా ఉన్నాయో రాయాలి. 2008లో ఇళ్లలో కంప్యూటర్ల మీద పాటలు కట్టుకునే తెలుగువాళ్లం రెండొందల మందిమి అందులో ఉండేవాళ్లం. నేను మహా బద్ధకస్తుణ్ణి. వినకుండానే రాసేవాణ్ణి. "చాలా బాగుందండీ. గొంతు ఇంకాస్త దగ్గరగా రావాలి. తోడుగా రెండో గొంతు ఉంటే అదిరిపోతుంది." ఎవరికైనా ఇవే ముక్కలు అతికించేవాణ్ణి. అందరూ సంతోషించేవాళ్లు.

ఆ ఫిబ్రవరిలో గుణదల మరియమ్మ తిరునాళ్లకి మా చెల్లెలు హన్నా మొదటిసారి ఒంటరిగా పాడాలి. ఇంకా నాలుగు రోజులుంది. ఏడాదిగా దానికి అదే లోకం. పాటని మా వెనక గదిలో నేనే రికార్డు చేశాను. నలుగురి మాటా విందామని ఫోరం తెరిచి, కనిపించిన రెండు పాటల కింద నా ముక్కలు అతికించి, హన్నా పాట పెట్టాను. ఆ రెండు పాటల్లో ఒకటి పామర్రు నుంచి రాజేశ్వరి అనే ఆవిడది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ జవాబు వచ్చింది. "మీరు చెప్పినట్టే మార్చానండీ. వినండి."

నామీద నాకే సిగ్గేసింది. ముందు పాతది పెట్టుకున్నాను. మగ్గం చప్పుడు. దాని వెనక, ఊరవతల నుంచి వచ్చినట్టు ఒక ఆడగొంతు కూనిరాగం. మాటల్లేవు. కొత్తదాంట్లో ఆ గొంతు గోడ అవతలిదాకా వచ్చింది.

గంటలో ఇంకోటి పెట్టింది. ఈసారి గొంతు గదిలోనే ఉంది. ఎక్కణ్ణుంచో గంజి వాసన కూడా. మా ఇంట్లో బట్టలకు గంజి పెట్టే అలవాటే లేదు. కూర్చోలేక లేచాను, లేచి మళ్లీ కూర్చున్నాను. సాయంత్రం మరోటి. టక్... టక్... చెవి పక్కనే ఊపిరి. వెచ్చగా...

హెడ్‌ఫోన్స్ లాగేశాను. మగ్గం ఆగింది.

కూనిరాగం ఆగలేదు.

పొద్దున్నే మెసేజ్. "రెండో గొంతు కూడా దొరికిందండీ."

ఫైలు తెరిచాను. ఆ రెండోది హన్నా గొంతు. హన్నా ఎన్నడూ పాడని రాగం.

వంటింట్లోకి పరిగెత్తాను. హన్నా నోరు తెరుస్తోంది... మాట రావడం లేదు. అమ్మ ఉప్పునీళ్లు పుక్కిలించమని గొడవ చేస్తోంది. "ఊరికే సాధన చేసి చేసి గొంతు పోగొట్టుకుంది, పిచ్చిది!" హన్నా క్యాలెండర్ కాగితం వెనక రాసి నాకు చూపించింది. ఎల్లుండి ఎలా అన్నయ్యా?

నాకు ఏడుపొచ్చింది. వెళ్లి టైపు చేశాను. "రెండు గొంతులు వద్దండీ. ఒక్కటి చాలు. మీకు దణ్ణం పెడతాను."

"అలాగేనండీ."

రెండు నిమిషాల్లో ఫైలు వచ్చింది. అంతలోనే వంటింట్లోంచి అమ్మ కేక. "గొంతొచ్చేసిందిరా! మరియమ్మ తల్లీ, నీ దయ!" ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలోనే ఫైలు తెరిచాను.

ఒక్క గొంతే ఉంది. మగ్గం వెనక, చాలా దూరంగా... అన్నయ్యా... అన్నయ్యా...

ఏ గొంతు ఉంచాలో నేను రాయలేదు.

"ఏం వింటున్నావన్నయ్యా?"

గుమ్మంలో హన్నా. ముఖం హన్నాదే, నవ్వూ దానిదే. ఆ గొంతు మాత్రం నిన్న సాయంత్రం నా చెవి పక్కన ఊపిరి తీసిన గొంతు. వెనకే నిలబడ్డ అమ్మకి తేడా తెలియలేదు. ఆనందంతో కళ్లొత్తుకుంటోంది.

హన్నా లోపలికొచ్చి హెడ్‌ఫోన్స్ తీసి ఒక చెవికి పెట్టుకుంది. తల కాస్త వంచి, శ్రద్ధగా చివరిదాకా వింది.

"ఈ గొంతు బాగాలేదన్నయ్యా," అంది మెల్లగా. "తీసేద్దాం."

మౌస్ కోసం చెయ్యి చాచింది. ఆ వేళ్ల నిండా నూలు కోసిన గీతలు... ఏనాటివో, మానిపోయి, గట్టిపడి ఉన్నాయి.