నూట పన్నెండో కుండ

టెక్కలి నుంచి సంతబొమ్మాళి వెళ్లే దారిలో ఒక పాత జీడిపిక్కల గోడౌన్ ఉంది. పొద్దుగూకాక అటు రమ్మంటే ఏ ఆటోవాడూ రాడు. లోపల పసిబిడ్డ ఏడుస్తుందంటారు. మా బిందు చెప్పిందే చెబుతున్నాను... నేనైతే దెయ్యాల్ని నమ్మే రకం కాదు.

తవ్వకాల్లో దొరికిన కుండల్ని మ్యూజియం వాళ్లు అందులో దాచారు. ఒక్కోదాని మూతి కొలిచి, మెడ, పొట్ట, అడుగు బొమ్మ గీసి, మూతి అంచు లోపల ఇంకుతో నంబరు వేయడం బిందు పని. ఒక్క కుండ పోయినా ఆమె ఉద్యోగం పోతుంది.

నూట పన్నెండో కుండ మీద మాత్రం నంబరు నిలవడం లేదు!

వేసింది. తెల్లారేసరికి చెరిగింది. మళ్లీ వేసింది — మళ్లీ చెరిగింది. పైగా కుండ లోపల తడి...

వాచ్‌మన్ పైడయ్య మీద అనుమానం పడింది. తాళాలు అతని దగ్గరే. నంబరు కడిగేస్తే, రేపు బయట ఎక్కడ దొరికినా అది మ్యూజియం కుండని ఎవరు నమ్ముతారు? ముసలాడిని పనిలోంచి తీసేయమని కాగితం రాసి బ్యాగులో పెట్టుకుంది. కళ్లారా చూశాకే ఇద్దామని ఆ రాత్రి ఇంటికెళ్లినట్టే వెళ్లి, వెనక్కొచ్చి, బీరువా చాటున నక్కింది.

తాళం తిరిగింది... అడుగులు... పైడయ్యే! చేతిలో గ్లాసు. తిన్నగా ఆ కుండ దగ్గరికే వచ్చి — వంచాడు.

"ఏటి సేత్తన్నావు?"

ముసలాడు అదిరిపడ్డాడు. గ్లాసు అడుగున పాలు!

"పసిగుంటని పెట్టి పాతిన కుండని మీరే సెప్పినారు కదమ్మా..." గొంతు తగ్గించాడు. "పాలు తాగే గుంట. ఆకలేస్తాది కదా..."

మా వైపు బిడ్డల్ని పాతిన చోట పాలు పోయడం ఉంది. అంతదాకా తనకు తట్టనందుకు బిందుకి సిగ్గేసింది. కాగితం అక్కడే చించేసింది.

"సరే తాతా... మరి అంకెందుకు తుడిసేత్తన్నావు?"

"అంకా? నాను అంచు ముట్టనేదమ్మా. అడుగున పోసీసి ఎల్లిపోతాను."

బిందు టార్చి వేసింది. ఇప్పుడే పోసిన పాలు... లేవు.

మట్టి కదా, పీల్చేసుకుంటుంది — నేనూ అదే అన్నాను. బిందు కాదనలేదు. ఆ కుండకి మాత్రం ఇప్పుడు నంబరు అడుగున, బయటివైపు వేస్తోంది.

ఎందుకని అడిగాను.

"ఇంకు పసినోట్లోకి పోకూడదు కదా," అంది.