గిర్నిలో పట్టించిన కాఫీ

ఆదివారం పొద్దున పదిన్నర. ఎల్లం తాత పిండి గిర్ని ముందు జొన్నల డబ్బాలు, గోధుమల సంచులు బుద్ధిగా వరస కట్టాయి. మనుషులేమో నీడ చూసుకుని ముచ్చట్లలో పడ్డారు. వరసలో ఆఖరి డబ్బా నిస్సిది.

నిస్సికి పదకొండేళ్లు. మామూలుగానే ఒకచోట నిలబడే పిల్ల కాదు. ఇప్పుడైతే కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. ఎందుకంటే పదకొండింటికి కరెంటు పోతుంది. మళ్లీ ఒంటిగంటకు గానీ రాదు. ఆ ఒంటిగంటకే ఇంటికి మనుషులొస్తారు.

ఎల్లం తాత వచ్చి ఆమె డబ్బా మూత తీశాడు. లోపలికి చూసి, ఒక గింజ తీసి వాసన చూశాడు. కొరికాడు. వెంటనే థూ అని ఊశాడు.

"ఏం గింజలే ఇవి? మాడిన చింతగింజలా?"

"కాఫీ గింజలు తాతా. సన్నగ పట్టాలె."

"నలభై ఏండ్ల సంది గిర్ని నడుపుతున్న. జొన్నలు పట్టిన, రాగులు పట్టిన, సీకాయ గూడ పట్టిన. కాఫీ పట్టియ్యనీకి ఎవ్వలు రాలే. ఇంట్ల మిక్సీ లేదా బిడ్డా?"

నిస్సి తల వంచుకుంది. మిక్సీ ఉంది. లేకేం! ఆ మిక్సీ సంగతే ముందు చెప్పుకోవాలి.

నిస్సి వాళ్లమ్మ సువార్తమ్మ దవాఖానలో నర్సు. నర్సు చదువు చిక్కమగళూరు దిక్కు చదివింది. చదువుతోపాటు కాఫీ కూడా అక్కడే అంటుకుంది. వీళ్లుండే మెదక్ ఏమో చాయ్ తాగే ఊరాయె! పాపం, డ్యూటీ నుంచి రాగానే ఒక కాఫీ పొడి ప్యాకెట్ చింపి పాలలో కలుపుకుంటుంది. ఒక గుక్క తాగి, "కాఫీ అంటే గిది కాదు" అని నిట్టూరుస్తుంది. పదిహేనేళ్లుగా అదే ప్యాకెట్, అదే నిట్టూర్పు.

అందుకే ఈసారి అమ్మ పుట్టినరోజుకు ఎస్ప్రెస్సో మిషన్ కొనాలని నిస్సి, వాళ్ల నాన్న జయానందం గుట్టుగా అనుకున్నారు. పెళ్లిళ్లలో బుస్సుబుస్సుమని నురగ పొంగించే పెద్ద మిషన్ కాదు. ఇంట్లో బల్ల మీద పెట్టుకునేది. వేడినీళ్లను కాఫీ పొడిలోంచి గట్టిగా తోస్తుంది. కింద చిక్కటి కాఫీ సన్నని ధారగా దిగుతుంది. దాంట్లో పాలు, చక్కెర కలుపుకుంటే సరి.

నిస్సి బాబాయి పౌలు హైదరాబాద్‌లో ఒక కాఫీ షాపులో పనిచేస్తాడు. ఆయనే ఇద్దరినీ మిషన్ల దుకాణానికి తీసుకుపోయాడు. వాళ్ల దగ్గరున్న డబ్బుకు రెండే దారులు కనిపించాయి. ఒకటి, చిన్న నల్ల మిషన్, దాంతోపాటు ఒక చేతి గ్రైండర్. రెండోది, పెద్ద వెండిరంగు మిషన్. దానికి ఎర్ర లైటు, గుండ్రటి మీటరు, మీటర్లో అటూ ఇటూ ఊగే ముల్లు. అది కొంటే గ్రైండర్‌కు పైసలు మిగలవు.

"అన్నా, నా మాటిను. మిషన్ చిన్నదైతే ఏం గాదు. గ్రైండరే మంచిగుండాలె. పొడి సమంగ లేకుంటే ఎంత పెద్ద మిషనైనా ఉత్తదే" అన్నాడు బాబాయి.

నిస్సి చెవులు అక్కడ లేవు. కళ్లు మీటరు ముల్లు మీద ఉన్నాయి.

"డాడీ, చూడు! అచ్చం రైలింజన్ లెక్కుంది! గ్రైండర్ ఎందుకు? ఇంట్ల మిక్సీ ఉంది గదా!"

"బాబాయి చెప్తుండు గదనే..."

"ప్లీజ్ డాడీ!"

జయానందం మెత్తటి మనిషి. రెండు ప్లీజులకే కరిగిపోతాడు. నిస్సి నాలుగు చెప్పింది. పౌలు బాబాయి ఒక కిలో కాఫీ గింజలు కొనిచ్చి బస్సెక్కించాడు.

మిషన్‌ను అమ్మకు తెలియకుండా అటకెక్కించారు. అమ్మకు తప్ప వాడకట్టు మొత్తానికీ తెలిసిపోయింది. మన నిస్సి నోట్లో నువ్వుగింజ నానదు మరి! క్లాసులో తన పక్కన కూర్చునే ఇంద్రకరణ్‌కు చెప్పింది. వాళ్ల నానమ్మ సౌభాగ్యమ్మకు చెప్పింది. సండే స్కూల్ టీచర్ వజ్రమ్మకూ చెప్పింది.

"ఆదివారం ఒంటిగంటకు మా ఇంటికి రండ్రి. అసలైన మిషన్ కాఫీ తాగిపిస్త!" అని అందరినీ పిలిచేసింది.

శనివారం అమ్మ లేనప్పుడు మిక్సీ తిప్పి చూశారు. మిక్సీ బర్రుమని అరిచింది. కొంత దుమ్ము, కొంత రవ్వ, కొంత ముక్కలు. ఆ పొడి మిషన్‌లో వేస్తే నీళ్లు చూరు కింద వాననీళ్లలా దబదబా దిగాయి. రంగు చూస్తే బట్టలు నానేసిన నీళ్లు నయం. నాలుగుసార్లు చేశారు, నాలుగుసార్లూ అంతే. సగం గింజలు అయిపోయాయి.

"పౌలుకు ఫోన్ చేద్దామా?" అన్నాడు నాన్న.

"ఒద్దు డాడీ, ఒద్దు! బాబాయి నవ్వుతడు!"

అదీ సంగతి. బాబాయి నవ్వుతాడని ఫోన్ చేయలేదు. మిగిలిన గింజలు డబ్బాలో పోసుకుని గిర్నికి వచ్చింది.

గడియారం పదీ నలభై చూపిస్తోంది. ముందు ఇంకా ఆరు డబ్బాలున్నాయి.

"తాతా, ఆ పక్క గిర్ని ఖాళీగనే ఉంది గదా?" అంది నిస్సి.

"అది కారం గిర్ని బిడ్డా. ఇప్పుడే అల్లాదుర్గ్ వాళ్ల మిరపకాయలు పట్టిన. ముందుగాల సేరు పాత జొన్నలేసి తిప్పాలె. కారమంత ఆ జొన్నలకు అంటుకొని పోతది. అటెన్క నీవి పడ్త. ఓ పావుగంట ఆగు."

పావుగంట! కరెంటువాళ్లు ఒక్కోరోజు పదకొండు కాకముందే తీసేస్తారు.

"అప్పటిదాక కరెంట్ పోతే నా పని ఖతం తాతా! గట్లనే పట్టు. జరంత కారం ఏం జేస్తది?"

"ఏం జేస్తదో నాకెరుక. నా మాటిను."

"ప్లీజ్ తాతా!"

ఎల్లం తాత కూడా మెత్తటి మనిషే. ఏం చేస్తాం, నిస్సి అదృష్టానికి అందరూ అలాంటివాళ్లే దొరికారు. తల అడ్డంగా ఊపుకుంటూనే గింజలు కారం గిర్నిలో పోశాడు.

పొడి మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. మెత్తగా, సమంగా, నల్లగా. దారిలో నిస్సి పదిసార్లు తుమ్మింది. జలుబు చేసిందేమో అనుకుంది.

ఒంటిగంటకు కరెంటు వచ్చింది. ఆ రోజుల్లో తెలంగాణ కొట్లాట జోరు మీదుంది. చౌరస్తాలో దీక్ష టెంటు వేశారు. కరెంటు వచ్చిన సంగతి ఊరందరికీ ముందుగా చెప్పేది ఆ టెంటు మైకే. "జై తెలంగాణ" అని మైకు అందుకోగానే, ఇక్కడ మిషన్ మీద ఎర్ర లైటు వెలిగింది.

రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న అమ్మ, ఆ చప్పుడుకు లేచి వచ్చింది. ఇంటినిండా మనుషులు. బల్ల మీద వెండిరంగు మిషన్. అమ్మ చెంపలకు చేతులు పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"హ్యాపీ బర్త్ డే అమ్మా!"

ముల్లు పైకి లేచింది. చిక్కటి కాఫీ సన్నగా దిగింది. ఇల్లంతా ఘుమఘుమ. నిస్సి పాలు, చక్కెర కలిపి మొదటి కప్పు అమ్మకు ఇవ్వబోయింది.

"ముందు ఇంటికొచ్చినోళ్లకియ్యి బిడ్డా" అంది అమ్మ.

సౌభాగ్యమ్మ ఒక గుక్క తాగింది. కనుగుడ్లు రెండూ పెద్దవయ్యాయి. "మస్తున్నది" అంది సన్నగా. ఆమె ముక్కు ఎర్రబడింది.

వజ్రమ్మ టీచర్ తాగి కర్చీఫ్ తీసింది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. "మంచిగ చేసినవ్ నిస్సీ. మనసు నిండింది" అంది.

ఇంద్రకరణ్ తాగి నోరు తెరిచాడు. వాళ్ల నానమ్మ తొడపాశం పెట్టింది. నోరు మూశాడు. చెవులు మాత్రం ఎర్రగా దాసాని పువ్వుల్లా అయ్యాయి.

జయానందం ఒక గుక్క మింగి, ఎవరో పిలిచినట్టు పెరట్లోకి ఉరికాడు. అక్కడి నుంచి బోరింగు కొడుతున్న చప్పుడు వినిపించింది.

నిస్సి మురిసిపోయింది. అమ్మ కప్పు అమ్మ చేతికిచ్చింది. చెంచాకు అంటిన కాఫీ తను నాకింది.

అంతే! నాలుక మీద నిప్పు పెట్టినట్టయింది. ఆ మంట గొంతులోకి దిగింది, చెవుల్లోకి ఎక్కింది. నిస్సి చుట్టూ చూసింది. కన్నీళ్లు కారుస్తూ నవ్వుతున్న వజ్రమ్మ టీచర్‌ను చూసింది. అందరూ తన మొహం చూసి అబద్ధం చెబుతున్నారు!

అమ్మ కప్పును ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. "గీ వాసన చూసి పదిహేనేండ్లాయె" అంది.

నిస్సి ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు. అమ్మ కూడా అనదు. కన్నీళ్లు తుడుచుకుని, కప్పు మొత్తం తాగి, మంచిగుందనే అంటుంది. ఆ సంగతి తోచగానే నిస్సికి కాఫీ మంటకన్నా ఎక్కువ మంట పుట్టింది.

"ఒద్దమ్మా! తాగకు!"

ఒక్క దూకు దూకి కప్పు లాక్కుంది. సగం కాఫీ కింద ఒలికింది.

"దాంట్ల కారం ఉంది. బాబాయి గ్రైండర్ కొనుమంటే నేనే ఒద్దన్న. ఎల్లం తాత ఆగుమన్నడు, నేనే ఆగలే. మిరపకాయలు పట్టిన గిర్నిల పట్టిచ్చిన." చెబుతుంటేనే ఏడుపొచ్చింది. "గింజలు గూడ అయిపోయినయ్. నీకు కాఫీ లేదమ్మా."

చౌరస్తా మైకు కూడా ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"నీళ్లు!" అని అరిచాడు ఇంద్రకరణ్.

అందరూ ఒక్కసారిగా బిందె మీద పడ్డారు. రెండు చెంబుల నీళ్లు తాగాక సౌభాగ్యమ్మకు మాట వచ్చింది.

"ఓయమ్మో! మిషన్ కాఫీ అంటే గిట్లనే ఉంటదేమో అనుకున్ననే! పట్నపోళ్లు ఎట్ల తాగుతరో అని పరేషానైన!"

అమ్మ పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. నిస్సి ఏడుస్తూనే నవ్వింది. అమ్మ ఆమెను దగ్గరకు లాక్కుని కొంగుతో మొహం తుడిచింది.

ఆ సాయంత్రం నిస్సి తానే ఫోన్ చేసింది.

"బాబాయ్, నువ్వు చెప్పిందే కరెక్ట్. మిక్సీల సగం ఖరాబ్ చేసిన. కారం గిర్నిల మిగిలిన సగం ఖరాబ్ చేసిన."

అటువైపు బాబాయి నవ్వాడు. నిస్సి భయపడినదానికన్నా గట్టిగానే నవ్వాడు. ఏమైంది? ఏమీ కాలేదు. నిస్సికి కూడా నవ్వొచ్చింది.

"మా షాపుల ఒక దోస్తున్నడు. వాని దగ్గర మంచి గ్రైండర్లు రెండున్నయ్. పెద్ద మిషన్ కావాలంటుండు. నీ మిషన్ వానికిద్దాం. వాని చిన్న మిషను, చేతి గ్రైండరు నీకిస్తడు. కానీ మిషన్‌ల కారం పోవాలె. మంచిగ కడుగు!"

నిస్సి మిషన్‌లోంచి పదకొండుసార్లు నీళ్లు పోనిచ్చింది. ప్రతిసారీ ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూసింది. పన్నెండోసారి మంట తగల్లేదు.

రెండు వారాలు బంద్‌లతో బస్సులు నడవలేదు. మూడో ఆదివారం బాబాయి పెద్ద మిషన్ తీసుకుపోయి, చిన్న మిషన్, గ్రైండర్, పావుకిలో గింజలు ఇచ్చిపోయాడు. చిన్న మిషన్‌కు ఎర్ర లైటు లేదు, మీటరు లేదు.

"ఏది, ముల్లేది?" అన్నాడు చూడవచ్చిన ఇంద్రకరణ్.

"ముల్లు లేదు. ఇగో, నువ్వు గిది తిప్పు" అని నిస్సి గ్రైండర్ పిడి అతని చేతిలో పెట్టింది.

ఒక్క కప్పుకు నూట ఇరవై తిప్పులు. జబ్బలు గుంజాయి. మొదటిసారి పొడి బరకగా వచ్చి కాఫీ నీళ్లయింది. గ్రైండర్ మర బిగించారు. రెండోసారి పొడి మరీ సన్నమై కాఫీ దిగనే లేదు. కాస్త వదులు చేశారు. చెడిపోయిన కాఫీని నిస్సి దాచలేదు. నాన్న, తను పంచుకుని తాగారు. మూడోసారి దిగినదాన్ని ముందు తను ఒక చెంచా రుచి చూసింది. అప్పుడు కప్పు అమ్మకు ఇచ్చింది.

అమ్మ ఒక గుక్క తాగింది. కళ్లు మూసుకుంది.

"కాఫీ అంటే..." అని ఆగింది.

నిస్సి చెంచా పట్టుకునే ముందుకు వంగింది.

"గిది!" అంది అమ్మ.

మరుసటి శనివారం నిస్సి ధనియాల డబ్బా పట్టుకుని ఎల్లం తాత గిర్నికి పోయింది. ధనియాలు కారం గిర్నిలోనే పడతారు. తాత ఆమెను చూసి మీసాల్లో నవ్వుకున్నాడు.

"ఇప్పుడే మిరపకాయలు పట్టిన. పది నిమిషాల్ల కరెంట్ పోతది. గట్లనే పట్టాల్నా?"

"జొన్నలేసి తిప్పు తాతా. కరెంట్ పోతే పోనియ్, మళ్ల వస్త" అని నిస్సి ఒక గోధుమల సంచి మీద స్థిరంగా కూర్చుంది.

జొన్నలు పోసి తిప్పుతుండగానే కరెంటు పోయింది. నిస్సి విసుక్కోలేదు. వెంట తెచ్చిన ఫ్లాస్కు తీసి, గ్లాసులో కాఫీ పోసి తాతకు అందించింది.

ఎల్లం తాత గ్లాసులోకి చూశాడు. వాసన చూశాడు. గ్లాసు మళ్లీ ఆమె చేతికే ఇచ్చాడు.

"ముందుగాల నువ్వు తాగు బిడ్డా."

నిస్సి పకపకా నవ్వి, ముందుగా తనే తాగింది.