వద్దులే

"మీ ఆకలి సిద్ధమైంది," అంది పైడిశ్రీ మణికట్టు మీది కంకణం.

తనకు ఆకలి వేస్తున్నట్టు పైడిశ్రీకి ఇంకా తెలియలేదు. ఈ విద్యానగరంలో ఆకలి కడుపు కంటే ముందు కంకణానికి తెలుస్తుంది. ఆమె ప్రయోగశాలలో నీటి గొట్టం కట్టేసి, చేతులు తుడుచుకుని వరండాలోకి వచ్చింది. వరండా పొడవునా ప్రతి స్తంభానికీ ఒక అన్నగూడు ఉంది. ఆమె పేరు వెలుగుతున్న గూడు ముందు నిలబడగానే తలుపు పక్కకి జరిగి వెచ్చని డబ్బా ముందుకొచ్చింది. కొర్రన్నం, తోటకూర పప్పు, ఉడికించిన అలసందలు, కాసిని జామ ముక్కలు.

డబ్బా ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. ఆ స్తంభం దగ్గర ఆమె ఒక్కతే. అవతలి స్తంభం దగ్గర నాలుగో ఏడు చదువుతున్న సీనియర్ ఒకామె, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, గోడకేసి తిరిగి తింటోంది. ఎప్పుడు చూసినా ఆమె గోడకేసే తిరిగి ఉంటుంది. ఆమె పేరేమిటో పైడిశ్రీకి తెలియదు.

కంకణంలో మాట్లాడేదాన్ని 'మితి' అంటారు. ఒంట్లోని రక్తాన్నీ, రాత్రి నిద్రనూ, ఆ రోజు ఎక్కిన మెట్లనూ, రాయబోయే పరీక్షనూ చూసుకుని, ఎవరికి ఎప్పుడు ఎంత పెట్టాలో అదే నిర్ణయిస్తుంది. దాన్ని గొప్పగా చెప్పుకోవడంలో విద్యానగరం పెద్దల తప్పేమీ లేదు. ఒకప్పుడు పొద్దున్నే క్లాసుకు పరుగెత్తే హడావిడిలో టిఫిన్ ఎగ్గొట్టి, మధ్యాహ్నం ఒక పఫ్‌తో సరిపెట్టి, పొద్దుపోయేదాకా టీ మీద బతికి, ప్రయోగశాలలో కళ్ళు తిరిగి పడిపోయే పిల్లలు ఉండేవారట. ఇప్పుడు ఆ మాటే లేదు. రక్తహీనత పోయింది, కడుపులో మంట పోయింది. వాటితోపాటు భోజనశాల కూడా పోయింది. ఎవరి ఆకలివేళ వారిది అయ్యాక బల్లలెందుకని దాన్ని గ్రంథాలయంగా మార్చారు. దాని కోసం ఎవరూ ఏడవలేదు. అక్కడి కూరలు అంతకుముందే చాలినంత ఏడిపించాయి.

పైడిశ్రీ ఒక్క జామ ముక్క మాత్రం నోట్లో వేసుకుని మూత పెట్టేసింది.

"నాకు ఇంటికి వెళ్ళిపోవాలనుంది. చదువు మానేస్తాను. ఎవరికి చెప్పాలి?" అంది కంకణంతో.

"నాకు చెబితే చాలు. కార్యాలయానికి నేను తెలియజేస్తాను. కారణం చెప్పండి. మీ బరువు, నిద్ర, రక్తం అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి."

బొబ్బిలి నుంచి ఎంతో ఇష్టపడి వచ్చిన చదువు ఇది. పాఠాలు బాగానే ఉన్నాయి, ఒంట్లో బాగానే ఉంది. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆమెతో మనుషులు మాట్లాడే మాటలన్నీ పాఠాల గురించే.

"ఇక్కడ నన్నెవరూ తినమనరు," అంది చివరికి.

"నేను రోజూ చెబుతున్నాను కదా?"

పైడిశ్రీకి నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. "నువ్వు చెప్పడం వేరు. వచ్చిన కొత్తలో ఒకమ్మాయి అడిగింది. అదే ఆఖరు. మళ్ళీ కనిపించనేలేదు. ఏటైపోయిందో!"

"ఓబులేశ్వరి గారు విత్తనశాలలో ఉన్నారు. మీరు ఆమె వంతును నిరాకరించారు. మీ ఇష్టాన్ని గౌరవించి మీ ఇద్దరి ఆకలివేళలూ వేరు చేశాను."

"వేరు చేశావా? ఎలాగ?"

"మీ పొద్దుటి జావ కాస్త చిక్కబరిచాను. అందువల్ల మీ ఆకలి ఆమె ఆకలి కంటే ఆలస్యంగా వస్తోంది."

ఓబులేశ్వరి అడిగిన రోజు పైడిశ్రీకి బాగా గుర్తు. వారానికొకసారి ఎవరికి నచ్చింది వారికి కొద్దిగా పెట్టే ఇష్టవంతు ఉంటుంది. ఆ రోజు ఇదే గట్టు మీద, గోళ్ళ నిండా మట్టితో ఒక పిల్ల వచ్చి పక్కనే చతికిలబడింది. చూస్తూనే నవ్వేసింది. తన డబ్బాలోని బొబ్బట్టును సగానికి తుంచి, "ఏమ్మే, ఓళిగ తిందువు రా. మాది జమ్మలమడుగు. మీదేవూరు?" అంది.

పైడిశ్రీకి నోరూరింది. కానీ అడిగిందే తడవుగా చెయ్యి చాపేస్తే బొబ్బిలిలో వాళ్ళమ్మ కళ్ళతోనే కొట్టేది. అందుకని, "వద్దులే అండీ," అంది. అంటూనే చెయ్యి సగం ఎత్తి ఉంచింది. ఇప్పుడా పిల్ల 'కాదులే, ఒక్క ముక్క' అంటుంది, అప్పుడు తీసుకోవాలి. అది ఎవరూ నేర్పకుండానే వచ్చే పద్ధతి. ఓబులేశ్వరి నోరు తెరిచింది కూడా. ఇంతలో ఆమె కంకణం ఏదో చెప్పింది. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. డబ్బా మూసుకుని లేచి వెళ్ళిపోయింది. అంత మనసుతో అడగలేదు కాబోలు అనుకుంది పైడిశ్రీ. ఈ సంవత్సరమంతా అలాగే అనుకుంది.

"నేను వద్దనలేదు. వద్దులే అన్నాను," అంది ఇప్పుడు.

"'వద్దు' అనే నమోదైంది. 'లే' ఊతపదం. దానికి అర్థభారం లేదు కాబట్టి వదిలేస్తాను."

ఊతపదమట! వద్దు అంటే తలుపుకి గడియ పెట్టడం. వద్దులే అంటే ఊరికే చేరవేసి ఉంచడం, తోస్తే తెరుచుకుంటుంది. ఈ తేడా తెలియని మనిషి తెలుగునాట ఒక్కరోజు కూడా చుట్టరికం చేయలేడు. మితిని తయారుచేసిన పెద్దలకు తెలియక కాదు. వాళ్ళూ పెళ్ళిళ్ళలో విస్తరి మీద చేతులు అడ్డం పెట్టి 'చాలు చాలు' అంటూ మూడో గారె తిన్నవాళ్ళే. కొసరి కొసరి వడ్డించడం వల్లా, మొహమాటానికి తినడం వల్లా మనవాళ్ళకి ఎంత జబ్బు చేస్తోందో లెక్కలు తీసి, దేన్నైనా ఒకసారే అడగాలి, రెండోసారి అడగకూడదు అని నియమం పెట్టారు. నియమం బాగా పనిచేసింది. మొహమాటానికి తినేవాళ్ళు లేకుండా పోయారు. మొహమాటానికి తిననివాళ్ళు మిగిలారు.

"అయితే ఇప్పుడు అడుగు. నా వంతులో సగం ఆమెకి ఇస్తానంటున్నానని అడుగు," అంది పైడిశ్రీ.

కంకణం మీది వెలుగు ఒకసారి ఆరి మళ్ళీ వెలిగింది.

"అడిగాను. ఆమె వద్దన్నారు."

"వద్దు అందా, వద్దులే అందా?"

"'వద్దు' అని నమోదైంది."

"ఆమె ఏమందో అలాగే నాకు వినిపించు."

"మాటలు నిల్వ ఉంచను. అర్థం మాత్రమే ఉంచుతాను. కార్యాలయానికి మీ నిష్క్రమణ సంగతి తెలియజేయమంటారా?"

"ఆగు. ముందు నేను విని రావాలి."

డబ్బా చేత్తో పట్టుకుని ఆమె విత్తనశాల వైపు నడిచింది. అన్నం చల్లారుతోందని కంకణం చెప్పింది. ఆకలివేళ దాటిపోతోందని చెప్పింది. ఆమె వినిపించుకోలేదు. 'లే' ఉందా, లేదా? నిజంగానే అది ఒట్టి వద్దు అయితే? సంవత్సరం కిందట ముఖం మీద కొట్టినట్టు వద్దన్న మనిషికి ఇవాళ ఎవరు మాత్రం 'లే' తగిలిస్తారు? ఒట్టి వద్దు అయితే బట్టలు సర్దుకోవడమే. అయినా ఆమె ఆగలేదు.

విత్తనశాల గాజు గోడల వెనక ఓబులేశ్వరి ఆరబోసిన కొర్రల్ని చేత్తో పలచగా పరుస్తోంది. తలెత్తి చూసి, గుర్తుపట్టి, మళ్ళీ తల దించుకుంది.

"ఇప్పుడేగా అడిగిస్తివి. చెప్తిని కదా," అంది.

"నువ్వేటన్నావో నాకు తెలవదు. అది నాకు సగమే చెప్పింది. అందుకే వచ్చాను." పైడిశ్రీ డబ్బా మూత తీసి ముందుకు చాపింది. "సగం తిను."

ఓబులేశ్వరి డబ్బా వంక చూసింది. కొర్రల్లో చెయ్యి అలాగే ఉంది.

"వద్దు," అంది.

పైడిశ్రీ డబ్బాకి మూత పెట్టబోయింది.

"వద్దులేమ్మే," అంది ఓబులేశ్వరి మెల్లగా. "నాకు పెడితే నీకు తక్కువైతాది."

రెండు కంకణాలూ ఒక్కసారే వెలిగాయి. "ఆమె నిరాకరించారు. దయచేసి మళ్ళీ అడగవద్దు," అంది మితి.

"కాదులే, ఒక్క ముద్ద," అంది పైడిశ్రీ. ఆ మాట అని ఎంతకాలమైందో, గొంతు తనది కాదనిపించింది. పప్పన్నం కలిపి ముద్ద చేసి పట్టుకుంది. ఓబులేశ్వరి కొర్రల దుమ్ము పావడాకి తుడుచుకుని చెయ్యి చాపింది. ముద్ద చల్లగా ఉంది. ఇద్దరికీ ఏడుపు వచ్చింది. అది అన్నం చల్లారినందుకు కాదు.

"ఆ పొద్దు నువ్వు నన్ను వద్దంటివని ఇది చెప్పె. ఓళిగ బాగలేదేమో అనుకుంటి. మాయమ్మ చేసినట్లు లేదులే, నిజమే," అంది ఓబులేశ్వరి నములుతూ. "అంతకు ముందొకసారి ఇదే నన్ను అడిగింది, చేరిన దినమే. భోజనానికి తోడు కావాల్నా అని. కొత్త కదా, సిగ్గయి వద్దులే అంటి. మళ్ళా అడగనే లేదు."

పైడిశ్రీ చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది. చేరిన రోజు. భోజనానికి తోడు కావాలా? తననూ అడిగింది. తనూ అదే మాట అంది.

ఆమె తలెత్తి గాజు గోడలోంచి వరండా వైపు చూసింది. ఓబులేశ్వరి కూడా అటే చూసింది. స్తంభానికొకరు చొప్పున, ఎవరి డబ్బా వారి ఒళ్ళో పెట్టుకుని, అంత దూరం దాకా కూర్చుని ఉన్నారు. వాళ్ళనీ చేరిన రోజు ఒకసారి అడిగే ఉంటుంది. కొత్త చోట, మొదటిసారి అడగగానే, ఎవరు మాత్రం కావాలంటారు?

"ఇంకా ఉండాదా దాంట్లో?" అంది ఓబులేశ్వరి.

"ఉంది. రెండు ముద్దలవుతుంది."

ఇద్దరూ డబ్బా పట్టుకుని వరండాలోకి నడిచారు. నాలుగో ఏడు సీనియర్ ఇంకా గోడకేసే తిరిగి ఉంది. ఖాళీ డబ్బా పక్కన పెట్టుకుని, క్లాసుకు టైమయ్యేదాకా చేసేదేమీ లేక గోడనే చూస్తోంది.

"అక్కా, ఓ ముద్ద తింటారేటి?" అంది పైడిశ్రీ.

ఆమె ఉలిక్కిపడి ఇటు తిరిగింది. కళ్ళద్దాలు కిందికి లాక్కుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"వద్దులేమ్మా," అంది.

ఇద్దరూ అక్కడినుంచి కదల్లేదు.