పదమూడో మడి

నల్ల జీపు సండూరు మలుపు దగ్గర ఇనుప ఖనిజం లారీల వెనక ఇరుక్కుపోయింది. అద్దంలో అది చూసి సౌందర్య కారు వేగం పెంచింది.

"ఇంక అందుకోలేరు," అంది.

ఎర్ర లిప్‌స్టిక్, ఖరీదైన కళ్లద్దాలు, ఇద్దరు యజమానులు. ఒకటి 'ఆర్కిడ్' అనే విదేశీ ముఠా, రెండోది మన నిఘా ఏజెన్సీ. పొద్దున ఆర్కిడ్ చెప్పినట్టే గోధుమ చేలో వెన్నులు కోసి కవరులో పెట్టి అంటించింది. బళ్లారి స్టేషన్‌లో వాళ్ల మనిషికి ఇవ్వాల్సిన ఆ కవరును ఏజెంట్ నితిన్ చేతిలో పెట్టింది. అందుకే ఆర్కిడ్ జీపు వెంటపడింది.

పక్క సీట్లో నితిన్ మోకాళ్లు నొక్కుకుంటున్నాడు. నెల రోజులుగా బండ్రి ఊరి పక్కన అదే చేలో కూలీ వేషం. లుంగీ, తలగుడ్డ, చెవి వెనక ట్రాన్స్‌మిటర్ దాచిన బీడీ. నలభై ఎనిమిదేళ్ల వయసులో నడుం వంచి కలుపు తీయడం ఏ ట్రైనింగ్‌లోనూ నేర్పలేదు.

"రెండు గుప్పెళ్ల గోధుమలకి ఇంత రభసా?" అంది సౌందర్య.

"విత్తేటప్పుడు ఒక్క తడి పెడితే చాలు, పంట చేతికొస్తుంది. సైంటిస్టు హిమజ మేడం తొమ్మిదేళ్లు కష్టపడి తీసిన వంగడం. ప్రపంచం మొత్తానికి ఆ పదమూడో మడి ఒక్కటే ఉంది. విత్తనం ఆర్కిడ్‌కి చిక్కి, ఇక్కడ మిగలకుండా పోతే, రేపు మన రైతులు వాళ్ల గుమ్మం ముందు నిలబడాలి."

ఫోన్ మోగింది.

"వాన పడిందా?" చీఫ్ సుబ్బరాయుడు.

"తుంపర," అన్నాడు నితిన్. ఈ జిల్లాలో వాన కోడ్‌లోనే పడుతుంది.

"కవరు?"

"నా దగ్గరే ఉంది సర్."

"గుడ్. నేరుగా నాకు తెచ్చివ్వు. కోత మిషన్ పంపించాను, చేనంతా కోయించి తగలబెట్టిస్తున్నాను. శత్రువుకి ఒక్క గింజ మిగలకూడదు."

"ఎస్ సర్."

వాదించే ఓపిక లేదు. చేను దారిలోనే ఉంది కాబట్టి, హిమజకి ఒకసారి చూపించి పోదామనుకున్నాడు.

వాళ్లు చేరేసరికి మిషన్ మొదటి వరుస కొసకి వచ్చింది. హిమజ ఆర్డర్ కాగితం పట్టుకుని గట్టు మీద కూర్చుని ఉంది.

"మీ పదమూడు భద్రం, మేడం." కవరు ఇచ్చాడు.

పక్కనున్న కూలీ దురుగమ్మ కవరు చింపి ఒక వెన్ను తీసి చూసింది. తొమ్మిదేళ్లుగా ఈ చేలో సంకరం కోసం పూలకి పటకారుతో పుప్పొడి తిత్తులు తీసింది ఆవిడే.

"ఇదేందప్పా? ఇది పద్దెనిమిది. మీసాలు తెల్లగుండాయి. పదమూడుకి ఎర్రగుంటాయి."

"రెండో వరుసలో ఎడమ నుంచి మూడోది అని ఆర్కిడ్ వాళ్లు చీటీ ఇచ్చారు," అంది సౌందర్య. "వరుసకి పది మళ్లు కదా?"

దురుగమ్మ నవ్వింది. "ఎవురమ్మా ఆ లెక్కేసిండేది? విత్తుకుంటా పోయి కొసన మళ్లుకుంటాం. పది కిందనే పదకొండు. ఉత్త చేతుల్తో మళ్లా మొదటికి యాడ నడిచొస్తాం? పదమూడు ఆ పక్కుండాది, కుడి నుంచి మూడోది. ఈ చేలో ఒక్కదినం పనిచేసినోళ్లకి ఎవురికైనా తెలుసు."

నితిన్ చెవి వెనక బీడీ తడుముకున్నాడు. మళ్ల నంబర్ చెక్కలు హిమజ పది రోజుల కిందటే పీకించేసింది. ఆ తర్వాత చేను దాటి బయటికి వెళ్లిన సమాచారం ఒక్కటే, తన బీడీ పంపింది. 'పదమూడు. వరుసకి పది.' మళ్లుకునే సంగతి రాయలేదు. ఆ రోజు నడుం పట్టేసింది, అంతకుమించి రాసే ఓపిక లేకపోయింది.

ఆ మెసేజ్ అందుకున్నవాడు ఒక్కడే.

మిషన్ కూడా కొసన మళ్లుకుంది. పదకొండు పోయింది. పన్నెండులోకి దిగింది.

నితిన్ లుంగీ ఎగగట్టి పరిగెత్తాడు. ఎడమ మోకాలు వద్దంది, కుడిది బూతులు తిట్టింది. పదమూడో మడి అంచున చేతులు చాపి నిలబడ్డాడు. కత్తులు జానెడు దూరంలో ఆగాయి.

"సచ్చేకొచ్చినావేందప్పా?" పైనుంచి అరిచాడు డ్రైవర్ హులిగెప్ప.

"కాదప్పా. కూర్చునేకి చోటు వెతుక్కుంటా వచ్చినా."

నిజంగానే అక్కడే కూలబడ్డాడు. చుట్టూ ఎర్ర మీసాలు. హిమజ పరిగెత్తుకొచ్చి ఒక వెన్నును అరచేతిలోకి తీసుకుంది.

ఫోన్ మళ్లీ మోగింది. నితిన్ స్పీకర్ నొక్కాడు.

"కోత అయిందా?"

"పన్నెండు దాకా అయింది సర్. పదమూడు దగ్గర ఆపేశాను."

"ఎవరు ఆపమన్నారు?"

"మనలో ఆర్కిడ్ మనిషి ఎవరో కూడా తెలిసింది," అన్నాడు నితిన్.

"గుడ్. పేరు రిపోర్టులో రాసి పంపు."

"నా రిపోర్టుల సంగతి మీకు తెలిసిందే సర్. పోయినసారి బద్ధకించి సగమే రాశాను, మీరు తప్పు మడి కోయించారు. ఈసారి నోటితోనే చెప్తాను, మీరే రాసుకోండి. సుబ్బరాయుడు."