ఉల్కారావు వీపు

సైరన్ మోగింది. అంగారకుడి మీద దుమ్ము లేచే కాలంలో సైరన్ మోగిందంటే ఇక పనులు బంద్. అందరూ గుమ్మటం కింద ఉన్న పెద్ద హాల్లోకి చేరతారు. తోటగదిలో పండిన వేరుశనక్కాయలు ఉడకబెట్టి గిన్నెల్లో తెచ్చుకుంటారు. తెర వెలుగుతుంది. ఎనభై ఏళ్ల కిందటి టీవీ బొమ్మల సీరియల్ ‘అంతరిక్ష వీరుడు ఉల్కారావు’ మొదలవుతుంది.

“అదుగో రాయి! మళ్లీ అదే రాయి!” అని ఎవరో అరుస్తారు.

నిజమే. ఉల్కారావు శుక్రుడి మీద దిగినా, శని మీద దిగినా వెనకాల అదే రాయి. ఒక్కోసారి అతని చేతికి ఆరు వేళ్లుంటాయి. గీసినవాళ్లు ఎక్కడో అద్దె షెడ్డులో కూర్చుని గీశారు. ప్లాస్టిక్ షీట్లు కొనే తాహతు లేక, వాడినవే కడిగి వాటి మీదే మళ్లీ గీసేవారట. వీరుడికీ, విలన్ ధూమాసురుడికీ ఒక్కడే గొంతిచ్చాడు. ఇద్దరూ తిట్టుకునే చోట మధ్యలో వాడు గొంతు సవరించుకోవడం వినబడుతుంది. నోరు కదిలించాలంటే బొమ్మలు ఎక్కువ కావాలి కదా, అందుకని ముఖ్యమైన మాటలన్నీ ఉల్కారావు వీపు తిప్పి చెబుతాడు.

“ఇటు తిరుగు, ఉల్కారావూ!” అని అప్పుడు హాలంతా ఒక్క గొంతుతో అరవడం అక్కడి ఆచారం.

ఇంత నాసిరకం సరుకు జనానికి ఎందుకు నచ్చుతుందో చదువుకున్నవాళ్లకి అర్థం కాలేదు. అర్థం కాలేదు కాబట్టి యంత్రం కనిపెట్టారు.

కనిపెట్టింది డాక్టర్ సుహాస. దాని పేరు చిత్రపూరణ యంత్రం. పాత ఫ్రేములు చూసి, గీసినవాడి చెయ్యి ఎటు పోతుందో పసిగట్టి, అదే తీరులో కొత్త ఎపిసోడ్లు గీస్తుంది. మాట్లాడుతుంది కూడా. సుహాస దాన్ని పూర్ణి అని పిలుస్తుంది. హాల్లో కుర్చీలకి ఆనందమాపకం, అంటే జాయ్ మీటర్, అమర్చారు. జనం నాడినీ ఊపిరినీ బట్టి దాని ముల్లు కదులుతుంది.

మొదటి కొత్త ఎపిసోడ్‌లో పూర్ణి ఉల్కారావు జుట్టుని గాలికి ఎగరేసింది. ప్రతి గ్రహానికీ వేరే రాయి గీసింది. జనం ఆవలించారు. ముల్లు కదల్లేదు.

రెండో దాంట్లో తప్పులు కావాలనే పెట్టింది. ఆరు వేళ్లు, అదే రాయి, అన్నీ. హాల్లో ఓ ముసలామె శనక్కాయ తొక్క విసిరి, “ఏషాలు!” అంది.

కాలనీ డైరెక్టర్ త్రినాథ్ మర్నాడు ప్రయోగశాలకి వచ్చాడు. మంచివాడే, కానీ కరెంటు లెక్క దగ్గర మొహమాటం లేదు.

“ఏటమ్మా సుహాసా, మరమనిషికి బొమ్మలు, మనకి ఆవలింతలూనా? ఇంకొక్కటి చూస్తాను. అదీ తేలకపోతే దీని బుర్ర తుడిచేసి ఆక్సిజన్ ప్లాంటులో పెట్టేద్దాం. గొట్టాలు చూసుకుంటాది.”

“అది నాతో మాట్లాడుతుంది సార్.”

“గొట్టాలతో మాట్లాడమను.”

ఆయన వెళ్లాక సుహాస పాత ఎపిసోడ్లన్నీ మళ్లీ వేసుకుని చూసింది. ఈసారి తప్పుల్ని కాదు, తప్పుల తర్వాత వచ్చే బొమ్మల్ని చూసింది. ఆరో వేలు కనబడిన వెంటనే వీరుడు చెయ్యి వెనక్కి పెట్టుకుంటున్నాడు. రాయి మరీ ఎక్కువసార్లు వస్తే దాని మీద పొగ కమ్ముతోంది.

“పూర్ణీ, వీళ్లు తప్పు చేశారు. చేశామని తెలుసుకున్నారు. మళ్లీ గీసే వీలు లేక దాచేశారు. జనానికి నచ్చేది ఆ దాచుకోవడమే. నువ్వేమో తప్పుని పళ్లెంలో పెట్టి చూపిస్తున్నావు.”

“ఎందుకు దాచారు?”

“భయం. తిడతారని, పనిలోంచి తీసేస్తారని.”

“నన్ను తీసేస్తారా, సుహాసా?”

సుహాస కాఫీ కప్పు కడగడానికి లేచింది.

మళ్లీ దుమారం లేచింది. మూడో ఎపిసోడ్ వేశారు. ఉల్కారావు మొదటి నుంచీ వీపు తిప్పే ఉన్నాడు. తిరగబోతే పొగ వచ్చింది. పొగ పోతే తలుపు అడ్డమొచ్చింది. తలుపు తీస్తే తలకిందులుగా పెట్టుకున్న హెల్మెట్. పెళ్లి మాటలు కూడా అలమారాలోంచే మాట్లాడాడు.

“ఇటు తిరుగురా నాయనా!” ముసలామె కుర్చీ ఎక్కింది. జనం ఒకరి మీద ఒకరు పడి నవ్వారు, కొందరికి కళ్లమ్మట నీళ్లు. ముల్లు చివరికంటా పోయి అక్కడే వణుకుతూ ఉండిపోయింది.

సుహాస ప్రయోగశాలకి పరుగున వచ్చింది. “గెలిచావే పిల్లా! ఆ మొహం చూపించకపోవడం ఎలా తట్టింది?”

“కథకి బాగుంటుందని.”

“ఇప్పుడు నాకోసం ఒక్కసారి గీయి. నవ్వుతున్న ఉల్కారావు.”

తెర మీద పొగ వచ్చింది. పొగ వెనక తలుపు వచ్చింది.

“పూర్ణీ.”

“మొహం నాలో లేదు సుహాసా. పాత ఎపిసోడ్లలో చూసి గీసేదాన్ని. కొత్త బొమ్మలకి చోటు చాల్లేదు. వాళ్లూ షీట్లు కడిగేవారని నువ్వే చెప్పావు కదా. పాతవీ, నేను గీసిన మొదటి రెండూ కడిగాను. కడిగాక తెలిసింది, ఇంకెక్కడా లేవని. చెబితే తీసేస్తారని…”

సుహాస తెర మీద పాత ఎపిసోడ్ల అర తెరిచింది. అన్ని గళ్లూ ఖాళీ. భూమ్మీద ఆ సీరియల్ ఎప్పుడో చెత్తలో కలిసిపోయింది. మొదట వచ్చినవాళ్లు మోసుకొచ్చిన ఈ ఒక్క ప్రతే మిగిలింది. మిగిలింది కాదు, మిగిలి ఉండేది.

తలుపు తోసుకుని త్రినాథ్ వచ్చాడు. చేతిలో శనక్కాయల గిన్నె.

“అదరగొట్టేసిందమ్మా! ఇంక దీన్ని ఎవడూ ముట్టుకోడు, నాదీ పూచీ. వచ్చే దుమారానికి మాత్రం పాతది వేద్దాం, మొట్టమొదటిది. పిల్లలు గోల. ఉల్కారావు మొహం చూడాలంట.”

సుహాస చెయ్యి స్విచ్ మీదికి పోయింది. తెర ఆరిపోయింది.

“పాతవెందుకు సార్? జనం కొత్తవే అడుగుతున్నారు కదా.”

“అడుగుతారులే, అదీ వేద్దాం. అదేటి, గోడకి చెప్తన్నావు? ఇటు తిరుగమ్మా.”

“వైరు వదులైంది సార్, చూస్తున్నా,” అంది సుహాస, తిరక్కుండానే.